వెనకనుంచి తోసిన చెయ్యి

పోయిన వేసవిలో లాంగ్ వీకెండ్‌కి ఇంకో రెండ్రోజులు సెలవు అంటించి నలుగురం హవాయి వెళ్ళొచ్చాం. వెళ్ళేముందు ఆఫీసులో మన తెలుగువాళ్ళు ఎవర్ని అడిగినా ఒకటే మాట. వైకీకీ దాకా వెళ్ళి సర్ఫింగ్ చెయ్యకుండా రావడమంటే తిరుపతి వెళ్ళి లడ్డూ తినకుండా రావడమే అని. సరే, ఒకరోజు దానికే రాసిచ్చేశాం. పొద్దున రెండు గంటల లెసన్, మనిషికి నూరు డాలర్ల పైమాట. బోర్డు వాళ్ళదే, గైడూ వాళ్ళే, మనం ఒళ్ళు తీసుకెళ్తే చాలు.

మా గైడుకి అరవై దాటుంటాయి. అక్కడ పెద్దవాళ్ళందర్నీ "అంకుల్" అనే పిలుస్తారు, అచ్చం మనలాగే. ముందు ఇసకలో బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, ఒక్క ఊపులో లేచి నిలబడటం పదిసార్లు చేయించాడు. తర్వాత నీళ్ళలోకి. నేను ఒడ్డువైపు మొహం పెట్టి బోర్డు మీద పడుకుంటే, ఆయన నా వెనకే ఉండి సముద్రంకేసి చూస్తున్నాడు. నేను "ఇది భలే ఉంది" అనుకున్న అలల్నన్నిటినీ వదిలేశాడు. చివరికి చూట్టానికి ఏ ప్రత్యేకతా లేని ఒక అల వస్తుంటే "పాడిల్, పాడిల్" అని అరిచి బోర్డుని ఒక్క తోపు తోశాడు. రెండుసార్లు పడ్డా. మూడోసారి లేచి నిలబడ్డా! ఓ ఐదారు సెకన్లు. ఆ ఐదారు సెకన్లూ పసిఫిక్ మహాసముద్రాన్ని జయించిన ఫీలింగ్.

రాత్రి హోటల్లో వీడియో చూస్తే అసలు సంగతి తెలిసింది. అల ఎంచింది ఆయన. టైమింగ్ ఆయనది. వేగం ఆయన చేతిది. నేను చేసిందల్లా కాసేపు పడకుండా ఉండటం. రన్ బటన్ నొక్కినవాడు కంపైలర్ తనే రాశాననుకోవడం లాంటిదన్నమాట :)

ఒడ్డుకొచ్చాక అడిగా, మీకెవరు నేర్పారని. "మా నాన్న. ఆయనదీ ఇదే పని" అన్నాడు. ఆ పనికి అక్కడో పేరుంది, "బీచ్‌బాయ్" అని. అరవై ఏళ్ళొచ్చినా బాయే! ఆ మాట దగ్గర మనసు ఆగిపోయింది. తిరిగొచ్చాక దొరికినవన్నీ చదివా. చదివినకొద్దీ మనం డబ్బులిచ్చి కొనుక్కున్న ఆ రెండు గంటల వెనక చాలా కథే కనిపించింది.

హవాయి భాషలో సర్ఫింగ్‌ని "హెఎ నలు" అంటారు. నలు అంటే అల, హెఎ అంటే జారడం. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు అక్కడికి చేరేసరికే అది రాజులూ, ఆడవాళ్ళూ, పిల్లలూ అందరూ ఆడే ఆట. 1779లో కుక్ అక్కడే చంపబడ్డాక అతని లెఫ్టినెంట్ జేమ్స్ కింగ్ ఈ ఆట గురించి వివరంగా రాశాడు. రాళ్ళకి కొట్టుకుని చస్తారేమో అని చూసేవాడికి గుండె ఆగేంత పనైతే, వాళ్ళు మాత్రం మళ్ళీ లోపలికి ఈదుకుంటూ పోయేవాళ్ళట. రాజకుటుంబాలకి "ఒలో" అనే పొడుగాటి బోర్డులు, మామూలు జనానికి "అలాయా" అనే పొట్టి బోర్డులు. మకాహికి అని నెలలతరబడి సాగే పండగొకటి ఉండేది. యుద్ధాలు బంద్, పనులు బంద్, ఆటలే ఆటలు. మన సంక్రాంతి మూడ్రోజులకే మనం అంత హడావిడి చేస్తాం కదా, ఊహించుకోండి.

ఇక్కణ్ణించి టూరిస్టు పుస్తకాల్లో కథ ఇలా సాగుతుంది. 1820లో బోస్టన్ నుంచి మిషనరీలొచ్చారు, ఆడామగా ఒంటిమీద బట్టల్లేకుండా అలలమీద ఆడటం చూసి కళ్ళు మూసుకున్నారు, ఆట ఆపించేశారు, అది చచ్చిపోయింది. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్లొచ్చి దాన్ని బతికించారు. చంపిందీ వాళ్ళే, బతికించిందీ వాళ్ళే! మధ్యలో హవాయివాళ్ళు ఎక్కడా ఉండరు.

నాకు ఈ కథలో సగం మింగుడు పడలేదు. మిషనరీలకి ఈ ఆట గిట్టని మాట నిజం. కానీ వాళ్ళు రాకముందే, 1819లో, రాజకుటుంబమే పాత కట్టుబాట్లని ఎత్తేసింది. వాటితోపాటే మకాహికి పోయింది. గంధపు చెక్క వ్యాపారం కోసం జనాన్ని కొండల్లోకి తోలారు. ఇక అన్నిటికన్నా పెద్దది, ఓడలతోపాటు దిగిన జబ్బులు. కుక్ వచ్చేనాటికి అక్కడి జనాభా మూడు లక్షలకి తక్కువుండదని చాలామంది అంచనా. 1890 నాటికి మిగిలిన హవాయివాళ్ళు నలభై వేల చిల్లర. ఎనిమిది మందిలో ఏడుగురు లేకపోతే ఏ ఆట మిగుల్తుంది? మా వీధిలో క్రికెట్ ఆగిపోవడానికి నలుగురు కోటాకి వెళ్ళిపోవడం చాలింది.

పోనీ చచ్చిపోయిందా అంటే అదీ కాదు. 1866లో మార్క్ ట్వేన్ అక్కడ సర్ఫింగ్ ప్రయత్నించి బోర్లాపడ్డాడు. బోర్డు ఒడ్డుకి చేరింది, ఆయన అడుక్కి చేరాడు. ఇది స్థానికులకి తప్ప ఇంకెవరికీ పట్టుబడే విద్య కాదని తేల్చేశాడు. (నా మొదటి రెండు ప్రయత్నాల తర్వాత ఆయనతో పూర్తిగా ఏకీభవించా.) 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు కాలిఫోర్నియాలో చదువుకుంటూ శాంటా క్రజ్‌లో రెడ్‌వుడ్ బోర్డులు చేయించుకుని అలలెక్కారు. మన బే ఏరియావాళ్ళు వీకెండ్‌కి పోయే శాంటా క్రజే. అంటే చచ్చిపోయిందని చెప్తున్న ఆట అప్పటికే అమెరికా గడ్డ మీద అడుగుపెట్టేసింది, హవాయివాళ్ళ కాళ్ళతోనే.

1893లో అక్కడ స్థిరపడ్డ వ్యాపారులు రాణి లిలియుఓకలానిని గద్దె దించారు. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. 1901లో వైకీకీ ఇసకలో మోఆనా హోటల్ లేచింది. హోటలొచ్చిందంటే టూరిస్టు, టూరిస్టొచ్చాడంటే "ఇక్కడ ఏం చెయ్యొచ్చు?" అనే ప్రశ్న.

ఆ ప్రశ్నకి ప్రపంచమంతా వినపడేలా జవాబు రాసింది జాక్ లండన్. 1907లో తన పడవలో అక్కడికొచ్చాడు. అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ అనే జర్నలిస్టు నేర్పితే గంటలకొద్దీ నీళ్ళలో ఉండి, ఎండకి ఒళ్ళు కాలి మంచం పట్టాడు. మంచంలోంచే దీన్ని రాజుల ఆటగా పొగుడుతూ వ్యాసం రాశాడు. అందులో జార్జ్ ఫ్రీత్ అనే కుర్రాడి గురించి ఉంటుంది, తల్లివైపు హవాయి రక్తం. అదే ఏడాది ఫ్రీత్ కాలిఫోర్నియా వెళ్తే, రెడోండో బీచ్‌లో స్థలాలమ్ముకునే హంటింగ్టన్ అనే రైల్వే ఆసామి జనాన్ని రప్పించడానికి అతన్ని పెట్టుకున్నాడు, నీళ్ళమీద నడిచే మనిషి అని. ఫ్రీత్ అక్కడ లైఫ్‌గార్డుగా ఎంతోమందిని కాపాడాడు. 1919లో ఫ్లూ మహమ్మారిలో పోయాడు, ముప్ఫై అయిదేళ్ళకి.

ఫోర్డ్ 1908లో మోఆనా హోటల్ పక్కనే అవుట్‌రిగ్గర్ కెనో క్లబ్ పెట్టాడు, ఈ ఆటని నిలబెట్టాలని. మంచిదే. సభ్యుల్లో అత్యధికులు తెల్లవాళ్ళు. వాళ్ళ ఆటని నిలబెట్టే క్లబ్బులో వాళ్ళే తక్కువ! దాంతో హవాయి కుర్రాళ్ళు 1911లో సొంతంగా "హుయి నలు" అని పెట్టుకున్నారు, అలల సంఘం అని. ఆఫీసు లేదు, ఏమీ లేదు, మోఆనా హోటల్ దగ్గర ఓ చెట్టుకింద కలిసేవాళ్ళు. అందులో ఒకడు డ్యూక్ కహనమోకు.

డ్యూక్ 1890లో పుట్టాడు, హైస్కూల్ పూర్తి కాలేదు, వైకీకీ బీచిలోనే పెరిగాడు. 1911లో హొనొలులు రేవులో 100 గజాలు 55.4 సెకన్లలో ఈదాడు. అప్పటి రికార్డు కంటే 4.6 సెకన్లు తక్కువ. అమెరికా ప్రధాన భూభాగంలో ఉన్న పెద్దలు నమ్మలేదు. గడియారం తప్పయి ఉంటుందన్నారు, రికార్డు ఒప్పుకోలేదు. (మన కోడ్ పని చేస్తే టెస్ట్ కేసు తప్పయి ఉంటుందనే మేనేజర్ లాగా.) మరుసటేడు స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచి నోళ్ళు మూయించాడు. 1920లో మళ్ళీ గెలిచాడు. 1914-15లో సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ బీచిలో సర్ఫింగ్ చేసి చూపించాడు. అప్పుడు చెక్కుకున్న బోర్డు ఇప్పటికీ అక్కడి క్లబ్బులో దాచుకున్నారు. 1925లో కాలిఫోర్నియాలో ఓ చేపల పడవ తిరగబడితే సర్ఫ్‌బోర్డు వేసుకుని ఆ అలల్లోకి పదేపదే వెళ్ళి ఎనిమిదిమందిని ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఇంతటివాడికీ స్థిరమైన సంపాదన లేదు. అమెచ్యూర్ నిబంధనలట, ఈత పేరు చెప్పి డబ్బు తీసుకోకూడదు. హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు, తర్వాత పెట్రోల్ బంకు, తర్వాత హొనొలులు షెరీఫ్ పదవి.

బీచ్‌బాయ్‌ల అసలు వైభవం 1920, 30ల్లో. 1927లో మాట్సన్ ఓడల కంపెనీ తన ప్రయాణికుల కోసం రాయల్ హవాయియన్ హోటల్ తెరిచింది. సినిమా తారలూ, కోటీశ్వరులూ వారాలతరబడి ఉండేవాళ్ళు. వాళ్ళకి ఈత నేర్పడం, బోర్డు మీద నిలబెట్టడం, పడవల్లో అలలెక్కించడం, సాయంత్రం యుకులేలే వాయించడం, అన్నీ వీళ్ళే. ఫొటోల్లో చూస్తే ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. పుస్తకాల్లో కూడా "చీకూచింతా లేని మనుషులు" అనే రాస్తారు. నాకు ఆ నవ్వుల పక్కన ఇంకోటి కనిపించింది. సరిగ్గా అదే దశాబ్దంలో వైకీకీలో అలా వై కాలువ తవ్వారు. వైకీకీ అంటేనే పొంగే నీళ్ళు అని అర్థం. అక్కడ ఒకప్పుడు చేమ మళ్ళూ, చేపల చెరువులూ ఉండేవి. కాలువ తవ్వి, పూడ్చి, ప్లాట్లు వేశారు. భూమి పోయింది, పంట పోయింది, రాజ్యం అంతకుముందే పోయింది. అలకి మాత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసు లేదు. మిగిలిన ఆ ఒక్కదాన్ని పట్టుకుని, టిప్పుల మీద బతుకుతూ, ఒడ్డున దిగినవాణ్ణల్లా ఓపిగ్గా తోస్తూ పోయారు. ఆ తోపుల్లోంచే ఈ ఆట కాలిఫోర్నియాకీ, ఆస్ట్రేలియాకీ పోయింది. 1950ల చివర్లో తేలికైన ఫోమ్ బోర్డులు, 1959లో జెట్ విమానాలు వచ్చాక ఇక అడ్డూ ఆపూ లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి చేరింది. ఆడవాళ్ళ తొలి స్వర్ణం కరిస్సా మోర్‌ది. హొనొలులు అమ్మాయి, హవాయి మూలాలు, వైకీకీలో వాళ్ళ నాన్న తోస్తే మొదలుపెట్టింది.

టూరిస్టులకి అమ్ముకోవడంతోనే సంస్కృతి పాడైపోతుందని మనం తేలిగ్గా అనేస్తాం. ఇక్కడ ఆ అమ్మకమే దాన్ని చేతులు మారకుండా కాపాడింది. అలాగని ఆ బేరం న్యాయమైనదని నేననడం లేదు.

అన్నట్టు, అంకుల్ వదిలేసిన అలల సంగతి. వైకీకీకి వేసవిలో వచ్చే అలలు ఎక్కడో న్యూజీలాండ్ దిగువన దక్షిణ సముద్రపు తుఫాన్లలో పుట్టి వేల కిలోమీటర్లు నడిచొస్తాయి. 1963లో వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్త న్యూజీలాండ్ నుంచి అలాస్కా దాకా కొలత కేంద్రాలు పెట్టి దీన్ని నిరూపించాడు. అందులో ఒక కేంద్రం హొనొలులులోనే. ఆయన పరికరాలతో చదివినదాన్ని అంకుల్ కళ్ళతో చదువుతాడు, గంటకి ఇంతని.

మధ్యాహ్నం డ్యూక్ విగ్రహం దగ్గర ఫొటోలు దిగాం. 1990లో పెట్టారు. వీపు సముద్రంవైపు, మొహం రోడ్డువైపు. సముద్రానికి వీపు పెట్టకూడదని పిల్లలకి నేర్పే ఊళ్ళో ఇదేంటని అప్పట్లో స్థానికులు గొడవ చేశారట. ఫొటో తీసుకునే టూరిస్టుకి వెనకాల సముద్రం పడాలిగా మరి!

ఆ విగ్రహం దగ్గరే నాకు పూరీ గుర్తొచ్చింది. చిన్నప్పుడు జగన్నాథస్వామి దర్శనానికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది. పూరీ బీచిలో తెల్లటి శంకు ఆకారపు టోపీలు పెట్టుకుని, స్నానానికి దిగేవాళ్ళ చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళేవాళ్ళుంటారు. నోళియాలు అంటారు. వాళ్ళు తెలుగువాళ్ళే. శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి వలస వెళ్ళిన జాలర్లు, అక్కడ పెంటకోట అని వాళ్ళ పేట. ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగే. నాలుగు దుంగలు తాళ్ళతో కట్టిన తెప్ప మీద విరిగే అలల్ని దాటి వెళ్ళి, మళ్ళీ అల మీదెక్కి ఒడ్డుకి రావడం తాతలనాటి విద్య. వరసగా పెద్ద అలలు వచ్చాక కాసేపు తెరిపి ఉంటుందని, ఆ తెరిపిలో దాటాలని వాళ్ళకి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. 1920ల్లో, సరిగ్గా మాట్సన్ వాళ్ళ హోటల్ రోజుల్లోనే, బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పూరీలో సముద్రం ఒడ్డున హోటల్ పెట్టింది. అక్కడ ఓడల కంపెనీ, ఇక్కడ రైలు కంపెనీ. ఒడ్డున అదే పని. అక్కడివాళ్ళ మీద పుస్తకాలున్నాయి, ముద్దుపేర్లతో సహా. మనవాళ్ళ మీద తెలుగులో ఏమైనా దొరుకుతుందేమో అని వెతికా. టోపీల ఫొటోలు దొరికాయి.

నాకప్పుడు ఏడేళ్ళు. అలని చూసి ఏడుస్తుంటే టోపీ ఆయన నాన్నతో "పిల్లోణ్ణి ఇటివ్వండి బాబూ, మన సముద్రమే, ఏటవదు" అని నన్ను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. పరాయి ఊళ్ళో తెలుగు వినపడేసరికి అమ్మకి ధైర్యం వచ్చిందట. నాన్న మాత్రం పది రూపాయల దగ్గర బేరమాడాడట.

మొన్న ఫోన్లో అమ్మనడిగా, ఆయన పేరేంటని. "పేరెవరడిగార్రా" అంది. ఫొటో ఉండాలే అని వెతికి వాట్సాప్‌లో పెట్టింది. నాన్నున్నాడు, నేనున్నా, వెనకాల సముద్రం బాగా పడింది. నా భుజం పట్టుకుని ఒక నల్లటి చెయ్యి, పైన మూలకి టోపీ అంచు.