కాలువ గట్టు మీద వాక్యం

జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) చదివినవాళ్ళకి బకింగ్‌హామ్ కాలువ గుర్తుండే ఉంటుంది. కరువులో ఊరు విడిచిన శివయ్య ఆ కాలువ పని వెతుక్కుంటూ నడుస్తాడు. ఆ ప్రయాణమే చివరికి అతన్ని సీమోనుగా మారుస్తుంది. నవల చదివిన చాలారోజుల తర్వాత అదే కాలువని, అదే కరువుని అవతలి గట్టు నుంచి చెప్పిన పుస్తకం ఒకటి చదివాను. పేరు ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. 1914లో న్యూయార్కులో మాక్మిలన్ కంపెనీ వేసింది. ఒంగోలులో దాదాపు నలభై ఏళ్ళు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ చెబుతుంటే, ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిపెట్టిన జ్ఞాపకాలు. పుస్తకం అచ్చయ్యేనాటికి క్లౌ చనిపోయి నాలుగేళ్ళయింది.

మన క్రైస్తవ ఇళ్ళలో రోజూ వాక్యం చదివి ధ్యానించడం అనే అలవాటు ఇప్పుడు ఎంత మామూలో చెప్పక్కర్లేదు. గోడమీది కేలండర్లో రోజుకో వచనం, తెల్లారేసరికి ఫోన్లో ఇంకో వచనం. ఆ వచనం చదివాక మనిషి చేసే పనిలో ఏమైనా మారిందా అనేది వేరే ప్రశ్న. ఈ పుస్తకంలో నన్ను ఆపేసినవి ఆ ప్రశ్నకి జవాబు దొరికే రెండు మూడు చోట్లే. వాటి గురించే ఈ వ్యాసం. మతం మారడం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్ళదలచుకోలేదు.

ముందు మనిషి సంగతి. క్లౌ 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటా వైపు ప్రభుత్వ భూముల సర్వే బృందాల్లో గొలుసులు పట్టుకుని తిరిగాడు. అంటే మత బోధకుడు కాకముందు ఆయన కొలతల మనిషి. 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలు చేరాడు. అప్పటికి ఈ తెలుగు మిషన్‌కి అమెరికాలో పెద్ద పేరేమీ లేదు. 1836లో శామ్యూల్ డే మొదలుపెట్టిన దీన్ని, ఫలితం లేదు కాబట్టి మూసేద్దామని వాళ్ళ సంఘం ఒకటికి రెండుసార్లు ఆలోచించింది. 1853లో జరిగిన అలాంటి చర్చలోనే దీనికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు పడింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఆ తొలిరోజుల్లోనే మొదటి చిక్కు వచ్చింది. ఒంగోలు పట్నంలో బ్రాహ్మలు, ఇంకా పైకులాలవాళ్ళు క్లౌ మాటలు వినడానికి వస్తున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు. మరోపక్క పడమటి పల్లెల్లోని తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు దాకా వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ అలెగ్జాండర్ దగ్గర క్రీస్తు గురించి విన్నవాడు. అంతకుముందే బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు కూడా. ఈ ఒక్క వివరం చాలు, మాదిగపల్లెలో అప్పటిదాకా ఆలోచన లేదు, బైబిలుతోనే వచ్చింది అనే కథని పక్కన పెట్టేయడానికి. పేరయ్య వెంట అతని మనుషులు వచ్చారు. పట్నం పెద్దలు సూటిగానే చెప్పారు: వాళ్ళు వస్తే మేం రాము.

క్లౌ పుస్తకంలో ఈ ఘట్టం చిన్నది. ఏం చెయ్యాలో తోచక ఆయన తన గదిలోకి వెళ్ళి, అక్కడున్న బైబిళ్ళలో ఒకటి తీశాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివర తెరుచుకుంది. పిలుపు అందుకున్నవాళ్ళలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశాలవాళ్ళు ఎక్కువమంది లేరనీ, లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడనీ పౌలు చెప్పే చోటు అది. కాసేపటికి మొదటి భార్య హ్యారియెట్ వేరే గది నుంచి వచ్చింది. ఆమె చదువుతున్నదీ అదే భాగం. భార్యాభర్తలు దాన్ని దైవ సంకల్పం అనుకున్నారు. కాకతాళీయం అని మనం అనుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించింది వేరే. ఆ భాగం వాళ్ళకి కొత్త కాదు, అంతకుముందు ఎన్నిసార్లు చదివి ఉంటారో. ఈసారి మాత్రం అది ఒక ఖర్చు అడిగింది. పైకులాలవాళ్ళు వస్తే మిషన్‌కి పలుకుబడి వస్తుంది, బడి నిండుతుంది, అమెరికాకి రాసే ఉత్తరాలు బాగుంటాయి. అవన్నీ వదులుకుంటే తప్ప ఆ వాక్యాన్ని పాటించడం కుదరదు. ఆయన మాదిగల్ని చేర్చుకున్నాడు. పెద్దలు అన్నంత పనీ చేశారు, రావడం మానేశారు.

పదేళ్ళు గడిచాయి. 1876లో నైరుతి వానలు మోసం చేశాయి, ఈశాన్య వానలు కూడా అంతే. ధాత నామ సంవత్సరం కాబట్టి దానికి ధాత కరువు అన్న పేరు మిగిలింది. 1876–78 మధ్య దక్షిణ భారతంలో యాభై లక్షలమందికి పైగా చచ్చిపోయారని చరిత్రకారుల అంచనా. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసు పంపింది. ఖర్చు తగ్గించమని ఆయనకి అప్పగించిన పని. సహాయ పనుల్లో కూలికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి చిల్లర చాలని ఆయన తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. అది తిని మట్టి తవ్వే మనిషి బతకడని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. ఆఖరికి ఆ ఏడాది మే నెలలో కూలి పెంచారు. ఈ కొలతకే చరిత్రలో ‘టెంపుల్ వేతనం’ అని పేరు. ఆకలిని ఆఫీసులో కూర్చుని లెక్క కడితే ఎంతకి తేలుతుందో దానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మద్రాసుని కృష్ణా కాలువలతో కలిపే తీరపు కాలువ ఆ కాలంలో పెద్ద సహాయ పని అయింది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే దానికి పెట్టారు. ఒంగోలు దగ్గర సముద్రం వైపు అది తవ్వుతున్నారు. క్లౌ తన పాత సర్వే చదువుని మళ్ళీ బయటికి తీసి మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర గుడిసెలు, పాకలు వేయించాడు, బావులు తవ్వించాడు.

ఒక మిషనరీకి కాంట్రాక్టెందుకు? అన్నం వండి పంచితే సరిపోయేది కదా అనిపించవచ్చు. కానీ కాంట్రాక్టు చేతిలో ఉంటే పనిలోకి ఎవర్ని తీసుకోవాలి, వాళ్ళమీద మేస్త్రీగా ఎవరుండాలి అన్నది కూడా చేతిలో ఉంటుంది. ఊళ్ళో కులం ఎలా నడుస్తుందో సర్కారు పనిలోనూ అలాగే నడుస్తుంది. అంటరానివాడికి పని దొరకడం కష్టం, దొరికినా పైనున్నవాడి నోటికి, చేతికి అడ్డు ఉండదు. ‘అంటరాని వసంతం’లో శివయ్య కథ చదివినవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. క్లౌ తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్ళలో చాలామంది ఆ మాదిగపల్లెల్లో పుట్టినవాళ్ళే. పేరయ్య తరం మనుషులు, తమవాళ్ళ చేత పని చేయిస్తూ, తమవాళ్ళకి కూలి లెక్క చెబుతూ.

రోజువారీ వాక్యం ఇక్కడ వస్తుంది. పనివాళ్ళు దమ్ము తీసుకోవడానికి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఎక్కువగా చెప్పింది మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలోని ఒక వచనం. అలిసిపోయినవాళ్ళని, బరువులు మోసేవాళ్ళని తన దగ్గరకి రమ్మని యేసు పిలిచే మాట. చాలామందికి అక్షరం ముక్క రాదు. పుస్తకం ముట్టుకునే హక్కే ఎన్నడూ లేనివాళ్ళు. వాళ్ళకి వాక్య ధ్యానం అంటే పేజీ తెరవడం కాదు, విన్నదాన్ని గంప ఎత్తుకుని మళ్ళీ నడుస్తున్నప్పుడు మనసులో తిప్పుకోవడం. బరువు అన్న మాటకి వ్యాఖ్యానం అక్కర్లేని చోటది. గంప తలమీదే ఉంది. వేల మైళ్ళ అవతల చర్చిలో మెత్తటి బల్లమీద కూర్చుని ఇదే వచనం విన్నవాళ్ళకి భారం అంటే దిగులో, పాపమో తోచి ఉంటుంది. కాలువ గట్టున అది మట్టి.

అయితే ఇక్కడే ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. ఆకలిగా ఉన్నవాడికి పని ఇచ్చే చేయి, వాక్యం చెప్పే నోరు ఒక్కడివే అయినప్పుడు వినేవాడికి ఎంత స్వేచ్ఛ ఉన్నట్టు? మేస్త్రీ చెబుతుంటే ఎవడు లేచిపోతాడు? బియ్యం కోసం చేరిన క్రైస్తవులు అనే ఎత్తిపొడుపు ఆ రోజుల్లోనే ఉంది. ఎత్తిపొడిచింది హిందువులొక్కరే కాదు. తోటి మిషనరీలకీ, అమెరికాలో డబ్బులు పంపేవాళ్ళకీ అదే అనుమానం.

క్లౌ చేసిన పనేమిటంటే, బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సహాయం నడిచినంతకాలం, దాదాపు పదిహేను నెలలు, ఎవరికీ ఇవ్వలేదు. అడుగుతున్నవాళ్ళు వందలు దాటి వేలలో ఉన్నారు. ఏ మిషన్ అయినా ఆశపడేది సరిగ్గా ఇలాంటి సమయం కోసమే. పని మాత్రం, కూలి మాత్రం, చేరనివాడికీ అందాయి. తిండికీ చేరికకీ మధ్య ఒక గోడ కట్టాడన్నమాట. మనం రాసే సాఫ్ట్‌వేర్‌లో రెండు వ్యవస్థలు ఒకదాన్నొకటి పాడుచెయ్యకుండా విడదీసి ఉంచడం ఎంత అవసరమో, తొందరలో ఉన్నప్పుడు ఆ పని ఎవరూ చెయ్యరని కూడా మనకి తెలుసు. ఈయన అత్యంత తొందర ఉన్న రోజుల్లో చేశాడు.

గోడ పూర్తిగా కట్టాడని నేను అనను. బోధకుడే మేస్త్రీ అయిన చోట అది సగం గోడే. విన్న మాట, తిన్న కూడు ఆ మనుషుల మనసులో విడివిడిగా ఉండి ఉంటాయని నమ్మడం కష్టం. అసలు విడివిడిగా ఎందుకుండాలి అని కూడా అడగొచ్చు. ఊరు వెలివేసిన మనిషితో కులం చూడకుండా మాట్లాడి, పని ఇచ్చి, సరైన కూలి ఇవ్వడమే వాళ్ళకి అర్థమైన సువార్త అయితే, అది ఎర అవుతుందా, అర్థం అవుతుందా? ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో గీసి చూపించగలనన్న ధైర్యం నాకు లేదు. కానీ గీత ఉందని గుర్తించి, తనకి నష్టమైనా ఒక అడుగు వెనక్కి వేసినవాడికీ, గీతే లేదనుకున్నవాడికీ తేడా ఉంది.

1878 వేసవి దాటేసరికి సహాయ పనులు ముగింపుకి వచ్చాయి. జూన్ నెలలో, ఒంగోలుకి పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి జనం వచ్చారు. ఇక పంచడానికి డబ్బు లేదని క్లౌ చెప్పాడు. మాకు డబ్బు వద్దు, మా రెక్కల కష్టం మీద బతుకుతాం, చేర్చుకుంటే చాలని వాళ్ళ జవాబు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. మిషన్ చరిత్రల్లో ఆ 2,222 అన్న సంఖ్యని ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. దానికంటే నాకు నచ్చిన వివరం ఇంకోటి ఉంది. ఆ రోజు ఏరులోకి దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, మధ్యాహ్నం విరామం పోను సుమారు తొమ్మిది గంటలసేపు పని నడిపారు.

చేరినవాళ్ళకి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. చూడ్డానికి మత నియమాల్లా ఉన్నా ఊరి లెక్కలో ప్రతిదీ ఒక తిరుగుబాటే. ఆదివారం పనికి రానన్నవాడు వెట్టికి రానన్నట్టే. జాతరలో డప్పు కొట్టనన్నవాడు ఊరి మిరాశీ గింజలు వదులుకున్నట్టే. కరణాలు, మునసబులు ఊరుకోలేదు. బావుల దగ్గర, పొలాల దగ్గర కక్ష తీర్చుకున్నారు. తిండి కోసమే చేరారన్న వాదన ఈ మలుపు దగ్గర తడబడుతుంది. చేరాక చాలామందికి ఉన్న తిండి కూడా పోయింది. అదే సమయంలో డప్పు వదిలెయ్యడం అంటే ఒక కళని, ఒక జ్ఞాపకాన్ని వదిలెయ్యడం కూడా. ఆ నష్టం క్లౌ లెక్కలోకి రాలేదు. దాన్ని లెక్కగట్టడానికి మనం నూరేళ్ళు ఆగాల్సి వచ్చింది.

ఎమ్మా క్లౌకి మాత్రం అది కొంత తెలుసు. ఆమె మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన మనిషి. సామాజిక సువార్త ఉద్యమానికి పేరుపడ్డ వాల్టర్ రౌషెన్‌బుష్‌కి తోబుట్టువు. 1899లో ఆమె వేసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’లో మాదిగల పురాణాలు, మాతంగి కథ, వీరమ్మ, పేరయ్యల గురుపరంపర ఉన్నాయి. మిషన్ విజయగాథలు కుప్పలుగా వచ్చిన కాలంలో ఆ మనుషుల నోటి కథలు రాసిపెట్టాలని ఒకావిడకి తోచడం చిన్న విషయం కాదు.

ఇన్ని ఉన్నా ఒకటి లేదు. గంప మోసినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ వచనం విన్నప్పుడు తమకేమనిపించిందో సొంత మాటల్లో రాసిపెట్టలేదు. మనకి దక్కింది దొర జ్ఞాపకం, అదీ దశాబ్దాల తర్వాత చెప్పుకున్నది. కల్యాణరావు నవల ఆ ఖాళీని ఊహతో పూరించింది. ఒకదాంట్లో అంకెలు, తేదీలు, ఒక మనిషి తడబాటు, నిర్ణయం ఉన్నాయి. మరోదాంట్లో ఆకలి, పాట, పోగొట్టుకున్నదాని దుఃఖం ఉన్నాయి. ‘అంటరాని వసంతం’ చదివినవాళ్ళు క్లౌ పుస్తకంలో కరువు అధ్యాయాలైనా చదవాలి. క్లౌని దేవుడి మనిషిగా తలుచుకునేవాళ్ళు శివయ్య నడిచిన దారిని తప్పకుండా చదవాలి. ఒక వాక్యం ఒక మనిషి దగ్గర ఏమేం వదిలించగలదో, ఏవి దాని కంటికి కూడా ఆనలేదో, రెండూ కలిపి చదివితేనే తెలుస్తుంది.