మూసీ మీద పోయిన పూల్‌లు, పంతొమ్మిదేళ్ల ఇంతెజార్

మన బుజుర్గులు దాన్ని తుగ్యానీ అనేవారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో దాదాపు 15 వేల ప్రాణాలు తీసింది. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ మూడు పూల్‌లూ కొట్టుకుపోయాయి. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ ఒక్కటే నిలబడింది. రెండు ముక్కలైన షహర్‌కు అదే రాస్తా.

పూల్‌లు మళ్లీ కట్టుకోవచ్చు. అసలు సవాల్ నదిని ఆపడం. దానికి ఇలాజ్ విశ్వేశ్వరయ్యగారు 1909లోనే చెప్పారు: షహర్‌కు ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు. మహబూబ్ అలీ పాషా 1911లో ఇంతెకాల్ అయ్యారు. ఆ మరుసటి ఏడాది ఉస్మాన్ అలీ ఖాన్ హుకూమత్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. చార్మినార్ నుంచి మూసీ వైపు రాస్తా వెడల్పై, పత్తర్‌గట్టి కమాన్లు లేచింది ఆ బోర్డు చేతుల మీదే. షాన్‌దార్ కామ్, ఇన్కార్ లేదు. కానీ ఉస్మాన్ సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్ సాగర్ 1927లో. తుగ్యానీ నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి పంతొమ్మిదేళ్లు. అన్ని బర్సాత్‌లూ ఒడ్డు మీది గరీబులు మబ్బు చూసి భయపడుతూనే గడిపి ఉంటారు.

పురానాపూల్ ఇప్పటికీ ఉంది. బండ్లు పక్కన కట్టిన కొత్త పూల్ మీద పోతాయి, దీని మీద తర్కారీ అమ్ముతారు.