నేర్చుకునే పనికి వెల ఎవరిది? ఇంటర్న్‌షిప్ చరిత్రలో తెలుగు విద్యార్థి

సిడ్నీ నగర కేంద్రానికి వాయవ్యంగా సుమారు 36 కిలోమీటర్ల దూరాన ఉన్న కెల్లీవిల్ ఒకప్పుడు తోటలూ పొలాలూ ఉన్న ఊరు. 2019 మే 26న మెట్రో రైలు ఈ ఊరికి వచ్చింది. కెల్లీవిల్‌లో రైలెక్కితే నగరం వైపు మొదట వచ్చేది బెల్లావిస్టా. వూల్‌వర్త్స్ ప్రధాన కార్యాలయం, రెస్‌మెడ్ వంటి సంస్థల కార్యాలయాలు ఆ పరిసరాల్లోనే ఉన్నాయి. మరికొంత దూరంలో మెక్వారీ విశ్వవిద్యాలయం వస్తుంది. 2024 ఆగస్టు 19 నుంచి ఇదే మార్గం బ్యాంకులు కొలువైన మార్టిన్ ప్లేస్ మీదుగా సెంట్రల్ దాకా, అక్కడినుంచి సిడెనమ్ దాకా సాగింది. సెంట్రల్‌లో దిగి కాలినడకన వెళ్ళగలిగిన దూరంలో సిడ్నీ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. చదువూ కొలువూ ఇలా ఒకే రైలుమార్గం మీద అమరిన చోటు ఇది.

అయితే కళాశాల మెట్టు దిగి కార్యాలయం మెట్టు ఎక్కడం రైలు మారినంత సులువైన పని కాదు. ఆ రెంటి నడుమ ఇంటర్న్‌షిప్ అనే మజిలీ ఒకటుంది. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016 జనాభా లెక్కల్లో 34 వేల పైచిలుకు ఉండగా, 2021 నాటికి ఆ సంఖ్య దాదాపు 59 వేలకు చేరింది. అందులో పెద్ద భాగం చదువు కోసం వచ్చినవారు, చదువు ముగించి నిలదొక్కుకున్నవారు, వారి పిల్లలు. ఈ మజిలీని దాటడం వారిలో చాలామందికి అనుభవంలో ఉన్నదే. పని నేర్చుకునే కాలానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్న మాత్రం ఈ ఊళ్ళకన్నా, ఈ విశ్వవిద్యాలయాలకన్నా పాతది. దానికి ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

పాత ఒప్పందాలు

ఇంగ్లండులో 1563 నాటి చట్టం చేతివృత్తుల్లో ప్రవేశించడానికి ఏడేళ్ళ శిష్యరికాన్ని తప్పనిసరి చేసింది. శిష్యుడికి తిండీ బసా యజమాని ఇచ్చేవాడు. బదులుగా శిష్యుడి శ్రమ యజమానిదే. మంచి రాబడి ఉన్న వృత్తుల్లో చేరాలంటే తండ్రి ముందుగా కొంత సొమ్ము యజమానికి చెల్లించుకోవలసి వచ్చేది. ఆ సొమ్ము ఎంత మామూలు విషయమైపోయిందంటే, 1710 నుంచి ప్రభుత్వం దానిమీద పన్ను వసూలు చేసింది. ఏడేళ్ళ నిబంధనను 1814లో రద్దు చేశారు. సొమ్మున్నవాడి కొడుక్కి మంచి గురువు, లేనివాడి కొడుక్కి దొరికిన గురువు అన్న తేడా ఆ రద్దుతో పోలేదు.

న్యూసౌత్‌వేల్స్ వలసరాజ్యానికి ఈ పద్ధతి ఓడలమీద వచ్చింది. అక్కడి అనాథ పాఠశాలల పిల్లలను ఇళ్ళకూ వృత్తిపనివారికీ అప్రెంటిస్‌లుగా అప్పగించేవారు. పెద్దల విషయంలో పరిస్థితి ఇంకా కఠినం. కెల్లీవిల్‌కు పొరుగునున్న కాజిల్‌హిల్‌లో 1801లో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం మొదలైంది; అందులో పనిచేసినవారు ఖైదీలు. కెల్లీవిల్‌కు పేరిచ్చిన హ్యూ కెల్లీ 1803లో ఖైదీ సేవకుడిగా ఈ గడ్డమీద అడుగుపెట్టి, ఆ తరువాత విండ్సర్ రోడ్డు దగ్గర మద్యశాల నడిపినవాడే. ఖైదీ శ్రమకూ నేటి విద్యార్థి శిక్షణకూ పోలిక పెట్టడం సరికాదు. అయినా, జీతం లేని పని ఎంతవరకు న్యాయం అన్న చర్చ ఈ నేలకు కొత్త కాదని గుర్తుంచుకోవచ్చు.

తెలుగు నేలమీద హౌస్ సర్జన్, ఆర్టికల్స్

తెలుగునాట కులవృత్తుల్లో పని నేర్చుకోవడం ఇంటిలోనే జరిగింది. తండ్రి మగ్గం దగ్గరో కొలిమి దగ్గరో కొడుకు కూర్చునేవాడు. ఖర్చూ కుటుంబానిదే, ఫలితమూ కుటుంబానిదే. ఆ వృత్తిలో పుట్టనివాడికి ప్రవేశం మాత్రం దుర్లభం. ఆధునిక విద్య ఆ గడప దాటించింది. అయితే కొత్త చదువులన్నీ పనిని ఒకేలా పట్టించుకోలేదు.

వైద్యవిద్య పట్టించుకుంది. హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాల, విశాఖపట్నంలో 1923లో వెలసిన వైద్య కళాశాల పెరిగి పెద్దవైన క్రమంలో, ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకోవడం చదువులో విడదీయరాని భాగమైంది. పట్టా చేతికి రావడానికి ముందు చేసే ఆ ఏడాది శిక్షణలోని వైద్యుణ్ణి తెలుగువారు ‘హౌస్ సర్జన్’ అన్నారు. ఇంటర్న్ అన్న ఆంగ్లపదానికీ మొదటి అర్థం అదే: ఆసుపత్రిలోనే ఉంటూ పనిచేసే కుర్ర వైద్యుడు. మిగతా చదువులకు ఆ మాట తరువాత పాకింది. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివేవారికి ‘ఆర్టికల్స్’ ఉన్నాయి. మూడేళ్ళుగా ఉన్న ఆ కాలాన్ని 2023 జూలై నుంచి అమలైన కొత్త విధానంలో రెండేళ్ళకు తగ్గించారు. ఈ రెండింటిలోనూ ఎంత స్వల్పమైనా నెలనెలా భృతి ఉంది, చేసిన పనికి వృత్తిసంఘం గుర్తింపు ఉంది.

కర్మాగారాల కోసం భారత పార్లమెంటు 1961లో అప్రెంటిస్ చట్టం చేసింది. అభ్యాసకులకు భృతి ఇవ్వడం యజమాని బాధ్యత అని ఆ చట్టం చెప్పింది. 1973లో దాన్ని సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమా వారిని కూడా దాని పరిధిలోకి తెచ్చారు. వారికిచ్చే కనీస భృతిలో సగాన్ని కేంద్రం తిరిగి చెల్లించే ఏర్పాటు వచ్చింది. అదే 1973లో పిలానీలోని బిట్స్ సంస్థ ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరుతో విద్యార్థులను పరిశ్రమలకు పంపే పద్ధతిని పాఠ్యక్రమంలో చేర్చింది. నేర్చుకునే కాలపు ఖర్చును యజమాని, రాజ్యం, విద్యాసంస్థ పంచుకోవాలన్న ఆలోచన ఆనాటికే మన దేశంలో రూపు దిద్దుకుందన్నమాట.

తెలుగు రాష్ట్రాల్లో తరువాత జరిగిన విస్తరణ ఈ ఆలోచనను మించిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు కళాశాలలు ఆరు వందలు దాటాయి. అన్ని కళాశాలల పిల్లలకూ శిక్షణ ఇవ్వగల పరిశ్రమ చుట్టుపక్కల లేదు. ఆ ఖాళీలోకి హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టూ, శిక్షణ కేంద్రాలు వచ్చాయి. ఆఖరి ఏడాది ప్రాజెక్టులు సైతం అంగడి సరుకయ్యాయి. కళాశాలకు కట్టిన రుసుముకు తోడు, కళాశాల నేర్పనిదాన్ని నేర్చుకోవడానికి మరో రుసుము కట్టడం మధ్యతరగతి కుటుంబానికి అలవాటైపోయింది. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ చదువులో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5000 రూపాయల భృతి ప్రకటించింది. అందులో 4500 ప్రభుత్వానివి, 500 సంస్థవి. వెల ఎవరిది అన్న ప్రశ్నకు ఇవి రెండూ సరికొత్త జవాబులు. మొదటిది విద్యార్థి కాలాన్ని అడిగింది, రెండవది ప్రభుత్వ ఖజానాను అడిగింది.

సిడ్నీ విశ్వవిద్యాలయాల దారి

చదువునూ పనినీ విడతలు విడతలుగా కలిపే పద్ధతి ఇంగ్లండులోని సండర్లండ్ సాంకేతిక కళాశాలలో 1903లో, అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో మొదలైంది. సిన్సినాటిలో దానికి ఆద్యుడు హెర్మన్ ష్నైడర్. రెండు రొట్టెముక్కల నడుమ కూర పెట్టినట్టు చదువు నడుమ పనిని ఇమిడ్చే ఈ విధానానికి ‘శాండ్‌విచ్ కోర్సు’ అన్న పేరు స్థిరపడింది.

సిడ్నీలో 1878 నాటి సాంకేతిక కళాశాల వేసిన బాటలోనే 1949లో సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడి, 1958లో న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది. ఇంజనీరింగు విద్యార్థి పట్టా పొందాలంటే 60 రోజుల పారిశ్రామిక శిక్షణ చూపాలన్న నియమం అక్కడ ఉంది. 1988లో ఆ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన కో-ఆప్ పథకంలో పరిశ్రమలే విద్యార్థికి ఉపకారవేతనం సమకూర్చి, చదువు మధ్యలో తమ దగ్గర పని నేర్పుతాయి. సిడ్నీ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు పట్టాలో దాదాపు ఆరేసి నెలల ఇంటర్న్‌షిప్‌లు రెండు కలిసి ఉన్నాయి. అయితే నియమం పెట్టడం ఒక ఎత్తు, చోటు దొరకడం మరో ఎత్తు. చాలా కోర్సుల్లో ఆ చోటును వెదుక్కునే భారం విద్యార్థిదే. పరిచయాలు ఉన్నవారికి ఆ వెదుకులాట సులువు.

రుసుము కట్టి వచ్చినవారు

భారతీయ విద్యార్థికి ఆస్ట్రేలియా తలుపులు తెరుచుకున్న క్రమం వేరు. 1901 నాటి వలస నియంత్రణ చట్టం శ్వేతేతరుల స్థిరనివాసాన్ని అడ్డుకుంది. 1950లో కొలంబోలో జరిగిన సమావేశం నుంచి పుట్టి, 1951లో అమలులోకి వచ్చిన కొలంబో ప్రణాళిక ఆసియా విద్యార్థులను ఆస్ట్రేలియా ప్రభుత్వ ఖర్చుతో రప్పించింది. చదువు ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్ళడం ఆ ఏర్పాటులోని షరతు. శ్వేత ఆస్ట్రేలియా విధానపు చివరి ఆనవాళ్ళను విట్లమ్ ప్రభుత్వం 1973లో తొలగించింది. 1980ల మధ్యలో విశ్వవిద్యాలయాలు పూర్తి రుసుము తీసుకుని విదేశీయులను చేర్చుకోవడం మొదలైంది. 1990 నాటికి అదే నియమమైంది. అతిథిగా వచ్చిన విద్యార్థి ఖాతాదారుగా మారాడు.

2001లో, చదువు ముగిసినవారు దేశం విడవకుండానే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది. 2007లో పట్టభద్రుల తాత్కాలిక వీసా, 485, ప్రవేశపెట్టారు. ఆ తరువాత అకౌంటింగ్, కంప్యూటర్, ఇంజనీరింగు పట్టభద్రుల కోసం ‘ప్రొఫెషనల్ ఇయర్’ అన్న కార్యక్రమం వచ్చింది. సుమారు 44 వారాల ఆ కార్యక్రమంలో 12 వారాలు ఇంటర్న్‌షిప్. పూర్తిచేస్తే వలస లెక్కలో 5 పాయింట్లు. దానికి విద్యార్థి కట్టే రుసుము వేల డాలర్లలో ఉంటుంది, ఆ 12 వారాలకు సాధారణంగా జీతం ఉండదు. పద్దెనిమిదవ శతాబ్దపు లండన్ తండ్రి యజమానికి ముట్టజెప్పిన సొమ్ము గుంటూరు, కరీంనగర్ తండ్రుల చేతుల మీదుగా మళ్ళీ కనిపించిందనడం అతిశయోక్తి కాదు.

చట్టం గీసిన గీత

జీతం లేని శిక్షణకు హద్దు గీసినది 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం. గుర్తింపు పొందిన విద్యాసంస్థ కోర్సులో తప్పనిసరి భాగంగా ఉన్న శిక్షణకు జీతం ఇవ్వనవసరం లేదు. దాని వెలుపల, ఉద్యోగి చేసే పనిని ఇంటర్న్ పేరుతో ఎవరు చేసినా కనీస వేతనం వారి హక్కు. ఆ హద్దును ఎంతగా ఉల్లంఘిస్తున్నారో 2013లో అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ స్టీవర్ట్, రోజ్‌మేరీ ఓవెన్స్ తమ నివేదికలో వివరించారు. రెండేళ్ళకు, 2015లో, పని అనుభవం పేరిట ఇద్దరు యువతీయువకులకు సరైన వేతనం ఎగ్గొట్టిన ఒక ప్రసార సంస్థకు న్యాయస్థానం 24,000 డాలర్ల జరిమానా విధించింది. 2025 జనవరి 1 నుంచి ఉద్దేశపూర్వకంగా వేతనం ఎగ్గొట్టడం దేశవ్యాప్తంగా నేరమైంది.

విదేశీ విద్యార్థికి మరొక గీత కూడా ఉంది. తరగతులు జరిగే కాలంలో పక్షానికి 40 గంటలుగా ఉన్న పని పరిమితిని 2023 జూలై నుంచి 48 గంటలు చేశారు. కోర్సులో నమోదైన తప్పనిసరి శిక్షణ ఈ లెక్కలోకి రాదు. విద్యార్థి సొంతంగా సంపాదించుకున్న ఇంటర్న్‌షిప్ మాత్రం వస్తుంది. అద్దెకూ తిండికీ దుకాణంలో చేసే పని గంటలూ, భవిష్యత్తు కోసం చేసే పని గంటలూ ఒకే 48లో ఇమడాలి. 2025 జూలై నుంచి ఉపాధ్యాయ, నర్సింగు, ప్రసూతి సేవలు, సామాజిక సేవ చదివేవారికి శిక్షణ కాలంలో ప్రభుత్వం భృతి ఇస్తోంది. విదేశీ విద్యార్థులు దానికి అర్హులు కారు.

ఒకే వీధి, రెండు లెక్కలు

హిల్స్ ప్రాంతపు వీధుల్లో ఈ చరిత్ర రెండు రకాల ఇళ్ళలో రెండు రకాలుగా కొనసాగుతోంది. ఒక ఇంట్లో ఇక్కడే పెరిగిన విద్యార్థి ఉంటాడు. తలిదండ్రులదే ఇల్లు, పని పరిమితి లేదు, బెల్లావిస్టాలోనో మార్టిన్ ప్లేస్‌లోనో కొలువున్న తండ్రి పరిచయాలు ఉన్నాయి. అదే వీధిలో గది అద్దెకు తీసుకున్న మరో విద్యార్థికి ఊళ్ళో బ్యాంకు ఋణం ఉంది, పక్షానికి 48 గంటలే ఉన్నాయి, సంస్థలో తెలిసినవారు లేరు. ప్రతిభలో తేడా లేకున్నా, నేర్చుకునే కాలపు ఖర్చును మోయగల శక్తిలో తేడా ఉంది. కులవృత్తి కాలంలో కుటుంబం ఏ పాత్ర వహించిందో, నేటి ఇంటర్న్‌షిప్ దగ్గర తిరిగి అదే పాత్ర వహిస్తోంది.

అందువల్ల విద్యార్థి సంస్థను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ శిక్షణ కోర్సులో నమోదైనదేనా? కాకపోతే జీతం ఎంత? పర్యవేక్షించేది ఎవరు? చివర రాతపూర్వకంగా ఇచ్చేది ఏమిటి? ముందుగా డబ్బు అడుగుతున్నారా? ఈ ప్రశ్నలు అడగడం మర్యాద తప్పడం కాదు. నాలుగున్నర శతాబ్దాల బేరంలో శిష్యుడి తరఫు వాదన ఇవే. ఇక స్థిరపడిన తెలుగువారు చేయగలిగినదీ ఉంది. సంక్రాంతి, ఉగాది వేడుకలకు వేదికలు ఏర్పరచుకున్న సమాజానికి, తమ కార్యాలయాల్లో జీతంతో కూడిన వేసవి చోట్ల వివరాలు బయటివారికి చెప్పడం, దరఖాస్తు దిద్దిపెట్టడం, మాదిరి ముఖాముఖి నిర్వహించడం శక్తికి మించిన పనులు కావు. స్వంత కొడుక్కి ఇచ్చే పరిచయంలో ఒక పాలు పక్కింటి గదిలోని విద్యార్థికి ఇస్తే, ఆ మజిలీ దగ్గర కట్టవలసిన సుంకం ఆ మేరకు తగ్గుతుంది.