వెల్స్ దవడపన్ను

పిప్పి పంటి నరం దాకా దిగి, వేరు కింద చీము పట్టిందంటే పూర్వం పన్ను పీకివేయడమొక్కటే గతి, అదీ మెలకువలోనే.

1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో నవ్వించే వాయువు ప్రదర్శన జరిగింది. అది పీల్చిన ఒకడు కాలికి గాయమైనా ఎరుగకపోవడం దంతవైద్యుడు హోరేస్ వెల్స్ గమనించాడు. మర్నాడే తానూ పీల్చి, జాన్ రిగ్స్ చేత తన దవడపన్ను తీయించుకున్నాడు. నొప్పి తెలియలేదు. తొలి ప్రయోగానికి రోగిని కాక తననే ఎంచుకున్నాడు చూడండి, నాకు అదే గొప్పగా తోస్తుంది.

1845లో బోస్టన్‌లో విద్యార్థుల ఎదుట పన్ను తీస్తుండగా రోగి అరిచాడు. సభ మోసమని గేలిచేసింది. మరుసటి ఏడు ఆయన పూర్వ భాగస్వామి విలియం మోర్టన్ ఈథరుతో పన్ను తీసి కీర్తి గడించాడు. వెల్స్ 1848లో, 33 ఏళ్లకే, న్యూయార్కు చెరసాలలో ఆత్మహత్య చేసుకున్నాడు. 1864లో అమెరికా దంతవైద్యుల సంఘం ఈ విద్యకు ఆద్యుడు ఆయనేనని తీర్మానించింది.