రాకాసి గుళ్ళా, రాకాసి గూళ్ళా? : క్షేత్రసర్వేక్షణలో స్థానిక నామాల నమోదు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో బృహత్‌శిలాయుగ సమాధులను వెలుగులోకి తేవడంలో ఔత్సాహికుల కృషి గణనీయమైనది. అయితే వారు చేస్తున్నది తవ్వకం కాదు. సంరక్షిత పరిధికి వెలుపలి స్థలంలోనైనా, కేంద్రం ముందస్తు ఆమోదం లేనిదే రాష్ట్ర ప్రభుత్వం తవ్వకం చేపట్టరాదని, ఇతరులకు అనుమతి ఈయరాదని 1958 నాటి పురావస్తు చట్టం నిర్దేశిస్తున్నది. కనుక స్వచ్ఛందంగా వచ్చే ఉపాధ్యాయునికి, విద్యార్థికి దక్కేది నేల పైభాగమే. శ్రీరామోజు హరగోపాల్ సారథ్యంలోని కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటివి ఆ పరిధిలోనే సమాధులను, శిల్పాలను, శాసనాలను గుర్తిస్తూ వస్తున్నాయి. ఈ పనిలో కొలతలకు, ఛాయాచిత్రాలకు లభించిన శ్రద్ధ స్థానిక నామాలకు లభించలేదు.

తాడ్వాయి అడవిలోని దామరవాయి ఇందుకు మంచి నిదర్శనం. ఈ గ్రామం 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలోను, 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోను ఉండి, ఆపై ములుగులో చేరింది. పాత నివేదికలు చదివేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇక్కడి గుట్టపై నిలువు పలకల మీద పెద్ద కప్పుబండ పరచిన డోల్మెన్లు గుంపులుగా ఉన్నాయి. వీటి పేరు పత్రికల్లో ఒకచోట ‘రాకాసి గుళ్ళు’, మరొకచోట ‘రాకాసి గూళ్ళు’ అని కనిపిస్తుంది. ఇది అచ్చుతప్పుగా కొట్టిపారేయదగినది కాదు. ‘గుళ్ళు’ గుడికి బహువచనం, ‘గూళ్ళు’ గూటికి. మొదటిది నిజమైతే ఆ రాళ్ళ పట్ల భయభక్తుల స్మృతి ఏదో మిగిలి ఉందని ఊహించవచ్చు. రెండవదైతే అది రూపసామ్యంతో వచ్చిన పేరు మాత్రమే. తమిళంలో ‘కుడి’ ఇల్లనే అర్థంలో నిలిచినందున, తెలుగు ‘గుడి’కి సైతం ఇక్కడ ఆ పాత అర్థమే ఉండవచ్చునన్న మూడవ పక్షాన్ని తోసివేయలేము. ఒక్క అచ్చు హ్రస్వమా దీర్ఘమా అన్నది చెవితో విని రాసుకుంటే తప్ప తేలదు. ధ్వనిముద్రణ లేని సర్వే ఈ ఆధారాన్ని పోగొట్టుకుంటున్నది.

రేగొండ సమీపాన గల పాండవుల గుట్టలో పరిస్థితి వేరు. 1990లో వెలుగుచూసిన రాతిచిత్రాలకు నెలవైన ఈ గుట్టలో ‘ఎదురుపాండవులు’, ‘గొంతెమ్మ గుట్ట’ వంటి పేర్లున్నాయి. ‘గొంతెమ్మ కోరికలు’ అన్న నానుడిలోని గొంతెమ్మే ఈమె, అంటే కుంతి. ఇవి చిత్రకారుల కాలపు పేర్లు కావని వేరే చెప్పనక్కరలేదు. భారతకథ ఈ అడవిలో ఎంత లోతుకు దిగిందో అవి చెబుతాయి. ఒకచోట అజ్ఞాత నిర్మాతలు రాక్షసులైతే, మరొకచోట అజ్ఞాత నివాసులు పాండవులయ్యారు. రెండు పేర్లూ అసలు మనుషులను మరుగుపరచినవే.

ఇక్కడే ‘ఆదివాసీ వారసత్వం’ అన్న మాటను జాగ్రత్తగా వాడవలసి ఉంది. తాడ్వాయి పరిసరాలు కోయల నివాసభూమి. చనిపోయినవారి గుర్తుగా నిలువురాళ్ళు పాతే ఆచారం కోయలలో ఉన్నది. దానిని బట్టి దామరవాయి నిర్మాతలు కోయల పూర్వీకులేనని తేల్చడం తొందరపాటు. సంబంధమే లేదనడం అంతకు మించిన తొందరపాటు. ‘రాకాసి’ తెలుగు మాట. ఆ రాళ్ళను కోయభాషలో ఏమంటారో, ఎవరి నోట ఏ కథ ఉందో అడగకుండా ‘స్థానికులు రాకాసి గుళ్ళు అంటారు’ అని రాసినప్పుడు, ఆ స్థానికులలో నుంచి కోయలను తొలగించినట్లే అవుతుంది.

లిఖితాధారం ఉన్నచోట ఈ చిక్కు లేదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనం కాకతీయుల వంశక్రమాన్నే అందించింది. సమాధులకు అటువంటి రాత లేదు. జనగామ మైదానంలో రాతి వలయాలు పట్టా చేలలో ఉన్నందున వాటి ముప్పు మరింత దగ్గరిది. గుండ్లు గట్లకు, పునాదులకు తరలిన తరువాత చేను పేరొక్కటే జాడగా మిగులుతుంది. అందువల్ల సర్వే పత్రంలో కొలతల పక్కనే మూడు గడులు ఉండడం అవసరం: పలికిన పేరు, పలికినవారి భాష, వారు చెప్పిన కారణం. వీటిని నింపగలిగే శిక్షణ తెలుగు శాఖల విద్యార్థులకు ఉన్నది. పలుగు పట్టడానికి కావలసిన అనుమతి దీనికి అక్కరలేదు.