‘సూర్యఋతువు’ – ఒక తరమునకు పేరు పెట్టిన కథలు

యుద్ధములో ఓడిన దేశమునకు కూలిన ఇండ్లను తిరిగి కట్టుకొనుట కష్టమే. కాని పెద్దల మాటకు పోయిన విలువను తిరిగి నిలుపుకొనుట అంతకంటె కష్టము. 1945 తరువాత జపాను దేశము ఈ రెండు పనులను ఒకేసారి తలకెత్తుకొన్నది. మొదటిదానిలో అది సాధించిన విజయమును లోకమంతయు కొనియాడినది. రెండవది ఎంతవరకు నెరవేరినదో తెలుసుకొనవలెనన్నచో ఆర్థిక నివేదికలు చాలవు. ఆ కాలపు కథలను చదువవలెను. అట్టి కథలలో మిక్కిలి అలజడి రేపినవి షింతారో ఇషిహారా అను యువకుని తొలి సంపుటిలోనివి. ఆ సంపుటి 1956లో వెలువడినది. దాని పేరు ‘తాయో నో కిసెత్సు’, అనగా ‘సూర్యఋతువు’.

ఇషిహారా 1932లో కోబే నగరములో జన్మించినారు. తండ్రి ఓడల సంస్థలో ఉద్యోగి. సంసారము కొంతకాలము ఉత్తరమున ఒతారు రేవులో గడపి, పిమ్మట టోక్యోకు దక్షిణముగా సముద్రపుటొడ్డున నున్న జుషి పట్టణమునకు చేరినది. యుద్ధము ముగియునాటికి ఆయనకు 12 ఏండ్లు. ఆ వయస్సు పిల్లలు బడిలో చూచిన వింత ఒకటి ఇక్కడ చెప్పదగియున్నది. చక్రవర్తికొరకు ప్రాణములర్పించుటే పరమధర్మమని బోధించిన ఉపాధ్యాయులే, ఓటమి తరువాత, ఆ పాఠములున్న పంక్తులపై నల్లని సిరా పూయుడని పిల్లలకు చెప్పినారు. నిన్నటి వేదవాక్కు నేడు తమ కుంచెక్రిందనే మాసిపోవుటను కన్న పిల్లవాడు, రేపు పెద్దలు చెప్పబోవు మాటను ఎట్లు నమ్మగలడు?

ఆ పిల్లలే పది సంవత్సరములకు విశ్వవిద్యాలయ విద్యార్థులైనారు. ఇషిహారా హితొత్సుబాషి విశ్వవిద్యాలయములో చదువుచుండగా విద్యార్థుల సాహిత్య పత్రికలో మొదటి కథను ప్రకటించినారు. తమ్ముడు యూజిరో కేయో విశ్వవిద్యాలయ విద్యార్థి, విలాసపురుషుడు. అతడు తన మిత్రబృందమును గూర్చి తెచ్చిన కబుర్లే అన్నగారి కథకు ముడిసరుకైనవి. ‘సూర్యఋతువు’ కథ 1955 జూలైలో ‘బుంగకుకై’ పత్రికలో వెలువడినది. మరుసటి సంవత్సరము జనవరిలో దానికి అకుతగవా బహుమానము లభించినది. రచయితకు అప్పుడు 23 ఏండ్లు.

కథానాయకుడు తత్సుయా కలవారి బిడ్డ. బాక్సింగ్, పడవ షికార్లు, మద్యము, స్త్రీలు – ఇవియే అతని లోకము. ఎయికో అను యువతి అతనిని ప్రేమించును. ఆ ప్రేమ తనకు బరువుగా తోచగా అతడామెను 5,000 యెన్లకు తన అన్నకు అమ్మివేయును. ఆమె గర్భవతియగును. బిడ్డ కావలెనో వద్దో తేల్చక తత్సుయా కాలహరణము చేయును. ఆలస్యముగా జరిగిన శస్త్రచికిత్స వికటించి ఆమె మరణించును. అంత్యక్రియలనాడు అతడు ఆమె చిత్రపటముపైకి ధూపపాత్రను విసరికొట్టును. కథకుడు ఎక్కడను అతనిని దూషింపడు, సమర్థింపడు. పెద్దలకు కోపము తెప్పించినది సంఘటనలకంటె ఈ మౌనమే ఎక్కువయని తోచును.

న్యాయనిర్ణేతలలోనే చీలిక ఏర్పడినది. వృద్ధకవి హరువో సాతో కథను తీవ్రముగా నిరసించి, ఈ ఎంపికలో తమకు బాధ్యత లేదన్నారు. సెయిచి ఫునహాషి, తత్సుజో ఇషికవా వంటివారు ఆ రచనలోని నూతనశక్తిని మెచ్చినారు. అంతవరకు సాహిత్యవర్గములకు మాత్రమే పరిచితమైన ఆ బహుమానము ఈ వివాదముతో ఇంటింటి మాటయైనది. ఇషిహారా క్షౌరపు తీరును సైతము యువకులు అనుకరింప మొదలిడినారు. సముద్రతీరములలో తిరుగాడు ఈ విచ్చలవిడి యువతకు ‘తాయోజొకు’, అనగా ‘సూర్యజాతి’ అను పేరు స్థిరపడినది. మన పురాణములలోని సూర్యవంశముతో దీనికి పోలిక లేదని వేరుగా చెప్పనక్కరలేదు. అంతకు పూర్వము 1947లో ఒసాము దజాయి వ్రాసిన నవల మూలమున, చితికిపోయిన ప్రభువంశీకులకు ‘అస్తమించు సూర్యుని జాతి’ అను పేరు వచ్చియుండెను. అస్తమయమునకును ఉదయమునకును నడుమ పది సంవత్సరములైనను గడువలేదు.

కథకంటె సినిమా ఎక్కువ కలవరము పుట్టించినది. 1956 మే, జూన్, జూలై నెలలలో ఇషిహారా కథలనుండి మూడు చిత్రములు వెంటవెంట వచ్చినవి. మూడవదియైన ‘ఉన్మత్తఫలము’లో తమ్ముడు యూజిరోయే నాయకుడు, దానితో అతడు గొప్ప తారయైనాడు. తల్లిదండ్రుల సంఘములు, మహిళా సంఘములు ఆందోళన సాగించినవి. కొన్ని ప్రాంతములలో 18 ఏండ్ల లోపువారు ఈ చిత్రములను చూడరాదని నిషేధించినారు. నిర్మాతలు వెనుకకు తగ్గినారు. చిత్రములను పరీక్షించు ‘ఎయిరిన్’ సంస్థ అంతవరకు సినిమా పరిశ్రమ చేతిలోనిదే. ఆ సంవత్సరాంతమున దానిని పునర్వ్యవస్థీకరించి, పరిశ్రమకు వెలుపలి పెద్దలను అందులో చేర్చినారు. ఒక విద్యార్థి వ్రాసిన కథ ఒక వ్యవస్థనే మార్చినది.

ఇంతకును ఈ యువకులెందరు? దేశపు యువజనులలో వారు పిడికెడుమంది. 1954 మొదలు ఈశాన్య మండలములనుండి ప్రత్యేకపు రైళ్ళు, మాధ్యమిక పాఠశాల ముగించిన 15 ఏండ్ల బాలబాలికలను గుంపులుగా టోక్యో కర్మాగారములకును దుకాణములకును చేరవేయుచుండెను. వారికి పడవలులేవు, షికారులులేవు. 1956లో ప్రభుత్వ ఆర్థికనివేదిక, యుద్ధానంతరదశ ఇక ముగిసినదని చాటినది. ఆ సంపదను తయారుచేసినది రైళ్ళలో వచ్చిన పిల్లలు. పత్రికల కెక్కినది తీరమున తిరిగిన పిల్లలు. సంఘము తన భయమునకు రూపము వెదకునపుడు, శ్రమించువానిని చూడదు, అల్లరిచేయువానినే చూచును.

మరియొక సంగతి. ఎయికో మరణమును చదివి నివ్వెరపోయిన పెద్దలకు ఆ విషయము కొత్తది కాదు. 1948 నాటి చట్టము గర్భస్రావమునకు కొన్ని షరతులపై అనుమతినిచ్చినది. 1955లో నమోదైన గర్భస్రావములే 11 లక్షలకు మించినవి. లెక్కలపుస్తకములో మౌనముగా నున్న విషయమును కథ బిగ్గరగా చెప్పినది. అయితే కథలో లోపము లేదని దీని అర్థము కాదు. ఈ తిరుగుబాటులో తిరుగుబాటు పురుషునిది, మూల్యము స్త్రీది. తత్సుయా పెద్దలపై విసరిన ధూపపాత్ర తగిలినది చనిపోయిన పిల్ల పటమునకే. ఆనాటి విమర్శకులు కథలోని విశృంఖలతను గూర్చి వాదించినంతగా, అమ్మబడిన ఆ యువతిని గూర్చి వాదించియున్నచో బాగుండెడిది.

తరువాతి చరిత్ర విచిత్రమైనది. ఇషిహారా 1968లో పార్లమెంటు సభ్యులైనారు. 1999 నుండి 2012 వరకు టోక్యో గవర్నరుగా పనిచేసినారు. తమకు కీర్తి తెచ్చిన బహుమానమునకే అనేక సంవత్సరములు న్యాయనిర్ణేతగా ఉండి, నూతన రచయితలను కటువుగా విమర్శించి, 2012లో తప్పుకొన్నారు. 2010 డిసెంబరులో, ఆయన పాలనలోనే, యువజనుల శీలరక్షణ పేరిట బొమ్మలకథల విక్రయముపై ఆంక్షలను పెంచు సవరణ టోక్యో సభలో ఆమోదము పొందినది. ఆయన 2022లో మరణించినారు. యువకులను చెరచుచున్నాడని ఒకనాడు నింద మోసిన మనిషి, వృద్ధాప్యములో అదే నిందను ఇతరులపై మోపుట చూచి నవ్విన వారున్నారు. నవ్వుటకంటె ఆలోచించుట మేలు. ప్రతి తరమును తన యౌవనమును క్షమించుకొనును, తరువాతివారి యౌవనమును క్షమింపదు.

కావున ఆ సంపుటిని నేడు చదువువారు దానిలో నీతిని వెదకి నిరాశచెందవలదు, అవినీతిని వెదకి సంతోషపడవలదు. దారితప్పిన యువకుని చూచినపుడు అడుగవలసిన మొదటి ప్రశ్న అతడెందుకు చెడిపోయినాడని కాదు. మనము అతనికి చెప్పిన మాటలలో, రేపు సిరా పూయనవసరము లేనివి ఎన్ని యని.