షోలాపూర్ లోక్‌సభ స్థానం: వరసగా ఐదుసార్లు తెలుగువారు గెలిచిన చోటు

మహారాష్ట్రలో తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన నగరాలలో షోలాపూర్ ముఖ్యమైనది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని మీద వచ్చిన పద్మశాలీలు, వారితోపాటు వచ్చిన ఇతర కులాలవారు ఇక్కడే ఇళ్ళు కట్టుకుని నిలిచిపోయారు. మగవారు మరమగ్గాల మీద, ఆడవారు బీడీల మీద బతికిన ఈ ఊరు 1980 నుంచి 1996 దాకా జరిగిన ఐదు సార్వత్రిక ఎన్నికలలోనూ తెలుగు మాతృభాషగా గలవారినే లోక్‌సభకు పంపింది. 1998 నుంచి ఒక్క తెలుగువాడూ గెలవలేదు. ఇలా ఎందుకు జరిగిందో మన పిల్లలకు చెప్పగలగాలంటే ఈ స్థానం చరిత్ర తెలిసి ఉండాలి.

తొలి ఎన్నికలు

1952లో షోలాపూర్ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రైతు కూలీ పక్షం తరఫున శంకరరావు మోరే, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున పి.ఎన్. రాజ్‌భోజ్ గెలిచారు. మొదటి ఎన్నికలోనే కాంగ్రెస్‌ను కాదన్న ఊరు ఇది. తర్వాత కాంగ్రెస్ పుంజుకుంది. 1962లో మాదెప్ప కాడాది, 1967, 1971, 1977లలో సురజ్‌రతన్ దమాని ఆ పార్టీ నుంచి ఎన్నికయ్యారు. దేశమంతా జనతా గాలి వీచిన 1977లో కూడా షోలాపూర్ కాంగ్రెస్‌తోనే ఉంది.

మనవారి కాలం

1980లో, 1984లో కాంగ్రెస్ అభ్యర్థి గంగాధర్ కుచన్ గెలిచారు. 1989లో, 1991లో అదే పార్టీ నుంచి ధర్మణ్ణ సాదుల్ గెలిచారు. 1996లో భారతీయ జనతా పార్టీ తొలిసారి ఈ స్థానం దక్కించుకుంది. అప్పుడు గెలిచిన లింగరాజ్ వల్యాల్ కూడా మనవారే. తెలుగు ఓటు ఒకే పార్టీకి కట్టుబడి లేదనీ, రెండు పెద్ద పార్టీలూ మనవారికి టికెట్టు ఇవ్వక తప్పలేదనీ ఈ ఐదు ఫలితాలే చెబుతాయి.

శాసనసభలో మూడో దారి కూడా ఉంది. సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం, అందరూ ఆడం మాస్టర్ అని పిలిచేవారు, 1978, 1995, 2004లలో ఎమ్మెల్యే అయ్యారు. ఆయన బలం మరమగ్గాల కార్మికులు, బీడీ కార్మికురాళ్ళు.

షిండే కాలం

1998, 1999లలో సుశీల్‌కుమార్ షిండే గెలిచారు. 2003 జనవరిలో ఆయన మహారాష్ట్ర ముఖ్యమంత్రి కావడంతో ఉప ఎన్నిక వచ్చింది. అందులో భాజపా నుంచి ప్రతాప్‌సింహ్ మోహితే పాటిల్, 2004లో అదే పార్టీ నుంచి సుభాష్ దేశ్‌ముఖ్ గెలిచారు. 2004లో ఓడినవారు షిండే సతీమణి ఉజ్వలా షిండే. ఆ సంవత్సరం నవంబరులోనే షిండే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వెళ్ళారు. 2009లో మళ్ళీ ఇక్కడి నుంచి ఎన్నికై, తర్వాత కేంద్ర హోం మంత్రి అయ్యారు. 2014 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభలో పెట్టింది ఆయనే. మన పూర్వీకుల రాష్ట్రాన్ని రెండుగా చేసిన బిల్లు షోలాపూర్ ఎంపీ చేతి మీదుగా సభకు వచ్చిందన్నమాట.

2009లో మారినది

నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 నుంచి రెండు మార్పులు వచ్చాయి. ఎస్సీలకు రిజర్వు అయి ఉన్న పంఢర్‌పూర్ లోక్‌సభ స్థానం రద్దయింది, షోలాపూర్ ఎస్సీ స్థానమైంది. ఇప్పుడు ఇందులోని ఆరు శాసనసభ స్థానాలు షోలాపూర్ సిటీ నార్త్, సిటీ సెంట్రల్, షోలాపూర్ సౌత్, అక్కల్‌కోట్, మోహోల్, పంఢర్‌పూర్. నగరం మధ్యలో ఉన్నవి మొదటి రెండే. అంటే పద్మశాలీలకు పోటీ చేసే వీలు పోయింది, నగర ఓటు బరువూ తగ్గింది. ఆడం మాస్టర్ గెలిచిన సిటీ సౌత్ శాసనసభ స్థానం కూడా అప్పుడే పోయింది.

2014లో భాజపా అభ్యర్థి శరద్ బన్సోడే షిండేను ఓడించారు. 2019లో అదే పార్టీ నుంచి జయసిద్ధేశ్వర స్వామి గెలిచారు. ఆయన కుల ధ్రువపత్రం చెల్లదని 2020 ఫిబ్రవరిలో పరిశీలన కమిటీ తేల్చగా, వివాదం హైకోర్టుకు వెళ్ళింది. 2024లో షిండే కుమార్తె ప్రణితి షిండే కాంగ్రెస్ నుంచి భాజపా అభ్యర్థి రామ్ సాత్‌పుతేపై 74,197 ఓట్ల తేడాతో గెలిచారు.

2023లో తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ షోలాపూర్ వచ్చారు. సాదుల్ వంటి తెలుగు నాయకులు బీఆర్‌ఎస్‌లో చేరారు. ఆ ఏడాది చివర తెలంగాణలో అధికారం పోయాక ఇక్కడ ఆ ప్రయత్నం సాగలేదు. పక్క రాష్ట్రం పార్టీ మీద ఆధారపడితే అక్కడి గెలుపోటములు మన మీద పడతాయి.

మనం తెలుసుకోవలసిన నిబంధనలు

రిజర్వేషన్ వల్ల తెలుగువారికి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. మనలో మాల, మాదిగ, మోచీ కుటుంబాలు ఉన్నాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 సెక్షన్ 4 ప్రకారం ఎస్సీ లోక్‌సభ స్థానానికి ఏ రాష్ట్రపు షెడ్యూల్డ్ కులంవారైనా పోటీ చేయవచ్చు. శాసనసభ ఎస్సీ స్థానానికి మాత్రం ఆ రాష్ట్ర జాబితాలోని కులమే కావాలి. మహారాష్ట్రలో ఎస్సీ ధ్రువపత్రం కావాలంటే కుటుంబం 1950 ఆగస్టు 10 నాటికే ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. తాతల నాటి బడి దాఖలా, మిల్లు కాగితం, ఇంటి పన్ను రసీదు ఏది ఉన్నా జాగ్రత్త చేయండి.

ఓటు ఒక్కచోటే ఉండాలి. సొంతూళ్ళో ఒకటి, ఇక్కడ ఒకటి ఉంచుకోవడం చట్టవిరుద్ధం. కొత్తగా చేరడానికి ఫారం 6, ఇల్లు మారినా పేరులో తప్పు పడినా ఫారం 8. మన ఇంటిపేర్లు మరాఠీ జాబితాలో ఒక్కో చోట ఒక్కో రకంగా పడుతున్నాయి. తండ్రి, కొడుకు పేర్లు కలవకపోతే రేపు ధ్రువపత్రాల దగ్గర ఇబ్బంది మనకే. జనగణనవారు వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని చెప్పి రాయించండి. మరాఠీలో మాట్లాడినంత మాత్రాన అడగకుండా మరాఠీ అని రాసుకుని పోనివ్వకండి.

84వ రాజ్యాంగ సవరణ ప్రకారం, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన ఆధారంగా మళ్ళీ పునర్విభజన జరగాలి. అప్పుడు షోలాపూర్ హద్దులు, రిజర్వేషన్ రెండూ మారవచ్చు. ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు తెలిపే హక్కు పౌరులకు ఉంటుంది. పేటలవారీగా మన లెక్క సిద్ధంగా ఉంటేనే ఆ హక్కు పనికొస్తుంది.

ఎంపీ మనవాడు కానంత మాత్రాన పనులు ఆగాలని లేదు. ఆడం మాస్టర్ 2004 తర్వాత ఎమ్మెల్యేగా గెలవకపోయినా కార్మికులను కూడగట్టి ఇళ్ళ కోసం పట్టుబట్టారు. కుంభారీ దగ్గర రే నగర్‌లో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధానమంత్రి ప్రారంభించారు. బీడీ కార్మికురాళ్ళకు, మగ్గం కార్మికులకు ఆ ఇళ్ళు వచ్చింది పదవితో కాదు, సంఘ బలంతో. ఐదుసార్లు గెలిచిన రోజులు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. ఓటరు జాబితాలో మన పేరు సరిగా ఉంచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.